చేప దగ్గర దగ్గు

డిసెంబరులో ఇనారిలో సూర్యుడు పనికి రాడు.
తొమ్మిదిన్నరకి, నీలం చీకట్లో,
బూట్లకంటిన మంచు గుమ్మం దగ్గర దులిపి
పదకొండు మంది పిల్లలు లోపలికొస్తారు.
పదకొండు పలకలు వెలుగుతాయి.
ఈ పలకలు నిజంగానే పలుకుతాయి.

మాట్లాడే నోళ్ళని వేళ్ళ మీద కాకపోయినా
ఒక మధ్యాహ్నంలో లెక్కపెట్టెయ్యగల భాష మాది.
అందుకని కిందటి శీతాకాలమంతా
కాత్రి అవ్వని స్టాఫ్‌రూములో కూర్చోబెట్టి
ఆరువందల పన్నెండు మాటలు రికార్డు చేశాను.
పాతిక మాటలకి ఒక కాఫీ అని బేరం.
ఆవిడ ఇరవైకే కప్పు చాపేది.

చేప దగ్గర ఆవిడకి దగ్గొచ్చింది.
మళ్ళీ చెప్పనా అంది.
ఆవిడ బస్సుకి టైమైపోతోంది. పర్లేదన్నాను.

అలాగే ఉండిపోయింది కార్డులో:
ముందొక పొడి దగ్గు, గొంతు సవరింపు,
ఆ తర్వాత, తీరిగ్గా, క్యెలి.

పిల్లలకి కలిసొచ్చింది. పందెం ఆటలో
మాట ఇంకా గొంతులో ఉండగానే
దగ్గు వినపడిందో లేదో
సామ్మల్ చేప మీద చెయ్యేసేస్తాడు, పది పాయింట్లు.
హెల్సింకి నించి కొత్తగా వచ్చి చేరిన ఈరో
నోటుపుస్తకంలో క్యెలి రాయబోయి
ముందున్న దగ్గుని ఏ అక్షరంతో రాయాలని అడిగాడు.
నేనింకా జవాబు చెప్పలేదు.

మార్చిలో, సరస్సు మీద గడ్డ ఇంకా బళ్ళని మోస్తుండగానే,
అవ్వ పోయింది.

కార్డుల లెక్క సంగతి చెప్పాలి.
వచ్చిన మాటని యంత్రం దూరం పంపిస్తుంది:
మూడు రోజులు, తొమ్మిది, నెల, ఆర్నెల్లు.
రాని మాటని మాత్రం రేప్పొద్దున్నే తెస్తుంది.
ఎంత బాగా నేర్చుకుంటే అంత దూరం.
మంచి పద్ధతే. నేనే తెప్పించాను.

నవంబరు నివేదికలో ఔనె పేరు పక్కన
ఆరువందల పదకొండు పచ్చగీతలు,
ఒక్కటి ఎరుపు.
చేప: అరవై ఏడు తప్పులు.

చేపలు పట్టే ఇంటి పిల్ల.
వల పైకి రాకుండానే తాడు బరువుని బట్టి
ఏది పడిందో చెప్పేస్తుంది.
కళ్ళు చూపించమని ఇంటికి చీటీ పంపాను, చెవులు కూడా.
పాయింట్లు పోతున్నాయని జట్టువాళ్ళు అలిగారు.
చివరికి ఒకరోజు విరామంలో
పలక ముందు కూచోబెట్టి వెనకాల నించున్నాను.

దగ్గు. ఔనె భుజాలు కూడా
చప్పుడు లేకుండా అంతే దగ్గాయి.
క్యెలి అంది అవ్వ.
వేలు తిన్నగా చేప మీదికి వెళ్ళింది,
ఆగింది,
పక్కనున్న బూటు మీద నొక్కింది.
పలక ఎర్రబడి, రేపు మళ్ళీ చూద్దాం అని రాసింది.

కాత్రి దానికి ముత్తవ్వ.
నాకు తెలుసు. తెలిసే కళ్ళద్దాలకి చీటీ రాశాను.

ఇంటికెళ్ళి ఆ రాత్రి కార్డులన్నీ విన్నాను.
నక్క, పడవ, చెంచా, పొగ,
అన్నీ రేడియోలో వార్తలు చదివినట్టు చదివింది,
జుట్టు దువ్వుకుని, నిటారుగా కూచుని.
ఆ దగ్గొక్కటే ఇంట్లోది.

ఔలు నించి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు.
శబ్దాలన్నీ శుభ్రం చేసిపెడతాడట, డబ్బు వద్దట.
గాలి హోరు, కుర్చీ కిర్రు, దగ్గులు, అన్నీ పోతాయట.
కుర్చీ ఒక్కటి తీసెయ్యి నాయనా, చాలు అని రాశాను.

నిన్న తల్లిదండ్రుల సమావేశం.
ఔనె వాళ్ళ నాన్న, వేళ్ళ సందున పొలుసు ఒకటి అంటుకునే ఉంది,
ఎర్ర గీత మీద వేలు పెట్టి
ఇదేమిటి టీచర్ అన్నాడు.

ఆ మాట ఇంకా రాలేదండీ, అన్నాను.
తొందరేం లేదు.