కొసరు

కొలరాడో కొండ మీద మోకాళ్ల ఆసుపత్రి.
ఏడో గదిలో రెండు మంచాలు.
కిటికీ వైపు ఆస్గర్, డెన్మార్క్ వాడు, ఫుట్‌బాల్.
తలుపు వైపు విల్కిన్, డొమినికన్, బేస్‌బాల్.
ఇద్దరివీ కుడి మోకాళ్లే.
నేను రాత్రి డ్యూటీ నర్సుని.
ఆటలు నాకు తెలియవు, వాపులు తెలుసు.

పొద్దున్నే కోత. ఇద్దరికీ నిద్ర లేదు.
"నిన్ను ఎంతకు అమ్మారు?" అన్నాడు విల్కిన్,
పాత కారు గురించి అడిగినంత మామూలుగా.
"తొంభై లక్షల యూరోలు. నా చేతికి కాదులే,
క్లబ్బు నుంచి క్లబ్బుకి."
విల్కిన్ ఈల వేశాడు.
"నన్నెవరూ అమ్మలేదు. మార్చుకున్నారంతే.
మా దగ్గర మనిషికి మనిషే చిల్లర."

ఏడో ఇన్నింగ్స్, గ్లవ్ ఇంకా చేతికి ఉండగానే
కోచ్ పిలిచి వాటేసుకున్నాడట.
వాటేసుకోగానే అర్థమైపోయిందట.
"ఇంట్లో చిక్కుడు గింజలు నానబెట్టి వచ్చాను,
ఎవరు పారబోశారో."
తెల్లవారి మూడింటికి క్లీవ్‌లాండ్‌లో దిగాడు.
జీతం ఒక్క సెంటు తగ్గలేదు.
కాగితం అదే, ముందు అది నడిచింది,
వెనక ఇతను,
బండికి కట్టిన దూడలా.

"అడగలేదా నిన్ను?"
ఆస్గర్ లేవబోయాడు, భుజం పట్టి పడుకోబెట్టాను.
"అడగడమా?"

మా దగ్గర అడుగుతారు, అన్నాడు ఆస్గర్.
నా సంతకం లేనిదే కదలదు. వద్దంటే వద్దే.
చాలాసేపు సీలింగ్ చూసి
"ఒకసారి వద్దన్నాను."
మర్నాడు లాకర్ మారింది.
పదహారేళ్ల పిల్లలతో పరుగులు.
భోజనాల బల్ల దగ్గర నా కుర్చీ లేదు.
ఆగస్టు ఆఖరి రాత్రి, పదకొండు నలభైకి,
పెట్రోల్ బంకులో, ఏజెంట్ కారు బానెట్ మీద
సంతోషంగా సంతకం పెట్టాను.
సంతోషంగా అని పేపర్లో వేశారు.

విల్కిన్ నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.
తర్వాత చెప్పాడు:
ఇరవై ఏళ్లప్పుడు, ఎవరో పెద్ద పిచర్ బేరంలో
అటు పిచర్, ఇటు ఇద్దరు కుర్రాళ్లు,
ఇంకా, "పేరు తర్వాత చెప్పబోయే ఒకడు".
ఆ ఒకడు తనే.
నాలుగు నెలలు ఎవరూ చెప్పలేదు.
నాలుగు నెలలు ఆ చొక్కాయే వేసుకుని
ఆ గెలుపులకే గంతులేశాడు,
తూకం అయిపోయాక గుప్పెడు కలిపే
కొసరు తనేనని తెలియక.

రెండున్నరకి అంగీకార పత్రాలు తెచ్చాను.
మత్తుకి, కోతకి, అవసరమైతే రక్తానికి.
ఆస్గర్ చదవకుండానే నాలుగు చోట్లా గీసేశాడు,
చెయ్యి అలవాటు పడిపోయింది.
విల్కిన్ సంచిలోంచి కళ్లజోడు తీయమన్నాడు.
లైను లైను కింద వేలు పెట్టి చదివాడు.
"నేను వద్దంటే?"
మానేస్తాం, అన్నాను.
"మోకాలో?"
అలాగే ఉంటుంది.
పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.
"కాసేపు నా దగ్గర ఉండనివ్వండి దీన్ని."

అతని వైపు లైటు ఆర్పకుండా వచ్చేశాను.