మూడో దెబ్బ

పది రాత్రులు వరసగా వాన పడ్డా
ఆ షెడ్డులో దూడల వాసన పోదు.
ఏడాదికోసారి పశువుల ప్రదర్శన,
మిగతా శనివారాలన్నీ మా కుస్తీ.
వాట్సన్‌విల్ తోటల్లో స్ట్రాబెర్రీ కోసిన చేతులు
వేళ్ల సందుల ఎరుపు కడుక్కోకుండానే వచ్చి
మడత కుర్చీల్లో కూలబడతాయి.

నేను రిఫరీని. చారల చొక్కా, అరిగిన మోకాళ్లు.
నా పని నేలని కొట్టడం.
మూడుసార్లు కొడితే మనిషి ఓడినట్టు.

వాడి పేరు ఎల్ త్లక్వాచె.
త్లక్వాచె అంటే చెత్తడబ్బాల దగ్గర రాత్రిళ్లు తిరిగే
బూడిదరంగు జంతువు. పిల్లల్ని వీపున మోసేది.
కుక్క మీదికొస్తే చచ్చినట్టు పడిపోయి
కుక్క విసుగెత్తి పోయాక లేచి దులుపుకునేది.
పులులూ డేగలూ ఉరుములూ అందరూ పంచుకున్నాక
మిగిలిన పేరు ఇదేనని వాడే నవ్వేవాడు.
బూడిద ముసుగు, గులాబీ ముక్కు, రెండు చెవులు.
ఒక చెవి చిరిగితే గాలపుదారంతో కుట్టిందెవరో నాకు తెలుసు.
ముసుగు కింద ఎవరో కూడా తెలుసు.
ఊరంతటికీ తెలుసు.
చల్లగోదాములో ఫోర్క్‌లిఫ్ట్ దిగి నడిచేవాడి
ఎడమకాలి ఈడ్పు ఎవరు గుర్తుపట్టరు?
అయినా సోమవారం ఎవరూ అడగరు.
ఒకసారి బేకరీలో ఓ పిల్ల వేలు చూపించబోతే
వాళ్లమ్మ ఆ వేలికి ఒక తీపిరొట్టె గుచ్చింది.

ప్రతి శనివారం వాడు చచ్చేవాడు.
"ఒకటి" అనేవారు జనం, కడుపులోంచి.
"రెండు" అనేవారు, గొంతు చివర్నుంచి.
అప్పుడు వాడి భుజం బెత్తెడు లేచేది.
పైరేకుల మీద పావురాలు లేచేవి.

ఆ అక్టోబరు రాత్రి ఎదురుగా ఎల్ నోటారియో,
స్టాంపులు కుట్టిన కోటు తొడుక్కుని
ముందు వరసల మీద చింపిన కాగితాలు చల్లుతూ.
దొంగ నోటరీలకి డబ్బు పోసి కాగితాలు రానివాళ్లు
సగంమంది ఆ కుర్చీల్లోనే ఉన్నారు.
వాళ్ల తిట్లు ఇక్కడ రాయను. చాలా బాగుంటాయి.

పదకొండో నిమిషంలో తాడు మీంచి జారాడు.
అలా జారడం మేం అనుకున్నది కాదు.
ఒకటి కొట్టాను.
రెండు కొడుతూ వంగితే ముసుగు జాలీలోంచి గుసగుస:
"కొట్టెయ్ ఇలారియో. ఇవాళ నటన కాదు."

చెయ్యి లేచింది.
లేచి, అక్కడే ఉంది.
జనం మూడు అనాలి. అనలేదు.
నాలుగువందల నోళ్లు రెండు దగ్గరే ఆగి
ఆ రెండునే పట్టుకు వేలాడాయి,
మూసుకుపోయే తలుపుకి కాలడ్డం పెట్టినట్టు.
పైన పడుకున్న నోటారియో కూడా
మెల్లగా తన బరువు తన మోచేతుల మీదికి తీసుకున్నాడు.

స్ట్రెచర్ వాళ్లు కత్తెర తీశారు.
ఊపిరాడాలంటే ముసుగు కోయాలి, వాళ్ల తప్పేం లేదు.
మూడో వరసలోంచి దోన్యా ఒబ్దూలియా, ఎనభై ఏళ్ల మనిషి,
ఎవరినీ అడక్కుండా రింగెక్కి
తన శాలువా నలుగురి చేతికిచ్చి గుడారంలా పట్టించింది.
లోపల కోశారు.
బయట మేమంతా ఖాళీ దొడ్ల వైపు తిరిగి నిలబడ్డాం.

బతికాడు. ఫిబ్రవరిలో
మెడకి పట్టీతో గోదాముకొచ్చాడు.
ఏమైందని కొత్త ఫోర్‌మన్ అడిగితే "నిచ్చెన" అన్నాడు.
"ఔను, నిచ్చెనే" అన్నారు పదిహేనుమంది.
అదెంత ఎత్తు నిచ్చెనో
ఒక్కొక్కరూ ఒక్కో లెక్క చెప్పారు.

నేను చారల చొక్కా ఇచ్చేశాను.
అర్ధరాత్రి చెత్తడబ్బా దగ్గర చప్పుడైతే
బయటి లైటు వెయ్యను.
ఒక్కోసారి కుడి అరచెయ్యి దురద పెడుతుంది.
డబ్బొస్తుందిలే అంటుంది మా ఆవిడ.
నేనేం చెప్పను.