గుటకలు

ఏడో రాత్రి.
బాలరాట్‌లో జూలై. బయట కారు మీద
మంచు రాళ్ళుప్పులా పేరుకుంటోంది.
సుహాసిని నైట్ డ్యూటీకి వెళ్ళింది.
నేను స్టూలు మీద, చేతిలో టార్చి,
లోహిత గొంతు కదలడం లెక్కపెడుతూ.

"నిద్రలో మాటిమాటికీ గుటకలు వేస్తుంటే
నోరు తెరిపించి చూడండి" అంది నర్సు,
బస్సు టైములు చెప్పినంత మామూలుగా.
ఐదో రోజు దాటాక పక్కు రాలుతుందట.
నూటికి ఏ నలుగురో రక్తంతో వెనక్కి వస్తారట.
మిగతా తొంభై ఆరుగురు
ఏ తండ్రికి గుర్తుంటారు?

మోకాలి మీద పక్కు గిల్లుకుంటే
చేతి మీద ఒక్కటి వేసేవాణ్ణి.
గొంతులో పక్కుకు ఎవరు చెప్పాలి,
కాస్త ఆగి, మెల్లగా రాలమని?

కోసింది గొంతులో. ఏడ్చేది చెవి.
మాట్లాడలేక ఫ్రిజ్ మీది బోర్డు పైన
చెవి బొమ్మ గీసి
దానికి కన్నీళ్ళు పెట్టింది.
నోటి దగ్గర తడిసి మాగిన కాగితాల వాసన.
మామూలేనట. అన్నీ మామూలేనట.
రోజూ తెల్లారకముందే బేకరీలో
రెండొందల రొట్టెలు కాలుస్తాను,
ఇంట్లో ఒక్క ముక్క అంచు మింగించలేకపోయాను.

రెండుంపావు.
ఒక గుటక. ఊపిరి. ఇంకోటి.
వెంటనే ఇంకోటి.
నాకంటే ముందు నా అరచేతులకు తెలిసింది.
"ఆ అను తల్లీ. ఒక్కసారి. ఆ..."
తెల్లటి పక్కు పక్కన
సన్నటి ఎర్ర దారం, కదులుతూ.

(లోహిత అంటే ఎరుపని తెలిసే పెట్టాం.
అప్పుడు మాకు తోచింది పొద్దుటి ఎరుపు.)

స్టీలు గిన్నె. ముందుకు వంగు. ఉమ్మెయ్, మింగకు.
గిన్నె అడుగున చెక్కిన అత్తగారి పేరు
కనకరత్నంలో
కనక మునిగిపోయింది.
మూడు సున్నాలు నొక్కాను.

అంబులెన్సు ఆస్పత్రి చేరేలోపే
దానంతట అదే ఆగింది.
ఎందుకు మొదలైందో చెప్పలేదు,
ఎందుకు ఆగిందో చెప్పలేదు.
డాక్టరు లోపలికి చూసి
"రేపటిదాకా ఉంచుదాం" అన్నాడు.
సుహాసిని యూనిఫాంలోనే పరుగెత్తుకొచ్చింది.
పిల్లను చూసింది, నన్ను చూసింది,
నా చేతిలోంచి గిన్నె మెల్లగా తీసుకుంది.
అప్పటిదాకా పట్టుకునే ఉన్నానని
నాకు తెలీదు.

పన్నెండో రోజు పొద్దున్న
టోస్టు అంచు కరకర కొరికింది.
తర్వాత, సాక్సు దొరకలేదని
ఇల్లెగిరిపోయేలా నా మీద అరిచింది.
మళ్ళీ అరువమ్మా అనబోయి
నోరు మూసుకున్నాను.

గిన్నె పై అరలోకి వెళ్ళింది.
అందులో పెరుగు తోడెయ్యాలంటే
ఇద్దరికీ చెయ్యి రావడం లేదు.

ఇప్పటికీ బేకరీకి బయల్దేరేముందు
ఆ గది గుమ్మంలో నిలబడతాను.
ఒక గుటక.
తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేకపోవడాన్ని వింటాను,
బూట్లు చేత్తో పట్టుకుని.