ఉత్తరపు హద్దు

మూడో సెమిస్టర్‌లో ఆస్తి బదలాయింపు చట్టం.
మేష్టారు యాభై నాలుగో సెక్షన్ చదివారు:
అమ్మకమంటే
ధరకు బదులుగా యాజమాన్యం చేతులు మారడం.
ఇంతే. ఒక్క ముక్క.
వెనక బెంచీలో నాకు నవ్వొచ్చింది.

మా నాన్న పెంచలయ్య
కోవూరు రిజిస్ట్రారాఫీసు ఎదురు రేకుల పంచలో
దస్తావేజు లేఖరి.
ఆయన దగ్గర అమ్మకం ఒక్క ముక్కలో తెమలదు.
'నిధి నిక్షేప జల పాషాణ
అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యంబులనెడి
అష్టభోగ తేజస్వామ్యములతో సహా
తమరు పుత్రపౌత్ర పారంపర్యముగా
సుఖాన అనుభవించగలవారు...'
ముప్పాతిక ఎకరా మెరక చేలో
నిధి ఎక్కడుందో రాసినాయనకీ తెలీదు.
చిన్నప్పుడు ఆ వాక్యాన్ని
ఊపిరి తీసుకోకుండా అప్పజెప్తే
మలైకాజా కొనిపెట్టేవాడు.
నా మొదటి లా పుస్తకం అదే, తీపిగా.

ఇప్పుడు రోజూ నెల్లూరు బస్సు.
పెన్న వంతెన మీద
ఇసుక లారీల వెనక ఆగినప్పుడల్లా
ఒక సెక్షన్ బట్టీ పడతాను.
కదిలితే మర్చిపోతాను.

పాత దస్తావేజు ఒకటి తెమ్మన్నారు కాలేజీలో,
అమ్మకపు లక్షణాలు గుర్తుపట్టడానికి.
నాన్న నకళ్ళ కట్ట విప్పి
నేను పుట్టడానికి నాలుగేళ్ళ ముందుది తీశాను.
ఎర్ర పెన్సిలుతో గీతలు:
అమ్మినవాడు, కొన్నవాడు, ధర, సాక్షులు.
అన్నీ ఉన్నాయి.
చివర షెడ్యూలు.
తూర్పు: పాలూరు కోదండం భూమి
దక్షిణం: పంట కాలువ
పడమర: లేగుంటపాడు పోయే డొంక
ఉత్తరం: ఖాళీ స్థలం.

ఆ ఉత్తరం నాకు తెలుసు.
ఆరు యానాదుల గుడిసెలు.
మునగచెట్టు మీద ఆరేసిన వల,
గుంజకు తగిలించిన ఎలక బుట్టలు,
నాకు జ్వరమొస్తే పసరు తాగించి
ఉమ్మితే తొడపాశం పెట్టిన చెంచమ్మ.
ఆమె ఇంటిపేరే ఇండ్ల.

'నాన్నా, ఇక్కడ మనుషులుండేవాళ్ళు గదా?'
కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.
'ఉండారు మే. లేరని ఎవురన్నారు?
పట్టా లేని మనిషి హద్దుకి పనికిరాడు.'
టీ తాగాడు.
కోపంగా అనుంటే
నేనూ కోప్పడి ఊరుకునేదాన్ని.

ఆ ఉత్తరాన ఇప్పుడు వెంచరు.
తెల్లరాళ్ళు, ప్లాటు నెంబర్లు, తలుపు లేని ఆర్చి.
ఆరిళ్ళూ కాలవ కట్ట మీదికి జరిగాయి.
నేను లైబ్రరీలో స్వాధీనం అధ్యాయం తీశాను.
ఎదుటివాడిదైతే పన్నెండేళ్ళు,
సర్కారుదైతే ముప్పై.
ఆ ఆదివారం పోయి చెంచమ్మనడిగాను,
అక్కడ ఎన్నేళ్ళున్నావని.
'పెద్ద తుపానుకి మా పెద్దోడు కడుపులో' అంది.
ఏ తుపాను?
'పెద్దదమ్మా' అంది మళ్ళీ,
నాకు చెవుడేమో అన్నట్టు.

ఇంటర్నల్ పరీక్షలో
క్రయ దస్తావేజు ఒకటి రాయమన్నారు, పది మార్కులకు.
ఊరూ మనుషులూ మీ ఇష్టమన్నారు.
షెడ్యూలు దాకా బాగానే వచ్చాను.
ఉత్తరం దగ్గర పెన్ను ఆగింది,
వంతెన మీద బస్సులా.
తర్వాత రాశాను:
'ఉత్తరం: ఇండ్ల చెంచమ్మ వగైరాల ఇళ్ళు.'

ఆరున్నర వచ్చాయి.
ఆ వరస పక్కన ఎర్ర సిరాతో 'సర్వే నెంబరేది?'

పేపరు దాచాలనుకున్నాను గానీ
నాన్న అప్పటికే చదువుతున్నాడు,
మొదట్నించి, పెదాలు కదిలిస్తూ,
మలైకాజా తనకే రావాలన్నట్టు.
ఉత్తరం దగ్గర ఆగాడు.
నేను గోడ వైపు చూశాను.
'ఇది తప్పు' అన్నాడు.
'వగైరా అని రాస్తే
రేపు కోర్టులో పట్టుకుంటారు.
ఆరిళ్ళుంటే ఆరు పేర్లూ రాయాల.'
జేబులో పెన్ను తీసి
వగైరాని కొట్టేశాడు. రాయడం మొదలుపెట్టాడు:
ఇండ్ల చెంచమ్మ, ఇండ్ల పోలయ్య,
ఏకొల్లు వెంకటమ్మ, ఏకొల్లు చినపోలయ్య...
నాలుగో పేరు దాకా చెయ్యి ఆగలేదు.

ఐదో పేరు దగ్గర
పెన్ను గాల్లో ఉండిపోయింది.
చాలాసేపు.
'చెంచమ్మనడిగి రా, పో' అన్నాడు.