ఒకటి ఎక్కువ

దేవరకొండ సబ్ జైల్ల నేను హెడ్ వార్డర్ని.
పొద్దు ఖిల్లా గుట్ట ఎనుకకు జారంగనే
తాళాల గుత్తి నడుముకు బరువైతది.
గిన్తీ రాయాలె.
ఇరవై రెండేండ్లు తలకాయలు లెక్కవెట్టిన,
మొఖాలు చూసింది తక్కువ.

జానయ్య సారు వచ్చిన దినం
లాఠీలెన్ని ఉన్నయని అడగలె.
బియ్యం బస్తాల చెయ్యి వెట్టి
పిడికెడు తీసి వాసన చూసిండు.
పురుగులు.
ఒక్క మాట అనలె. గుత్తేదారు మాత్రం
తెల్లారి కొత్త బస్తాలతోని గేటు కాడ నిలవడ్డడు.

మెత్తనోడని మేం నవ్వుకున్నం.
కాదు. ములాఖత్ కాడ ఇర్వై రూపాయలు గుంజినందుకు
నా తోటి వార్డర్ బక్కయ్యతోని
ఆ ముసలమ్మ చేతులనే
తిరిగి లెక్కవెట్టి ఇప్పిచ్చిండు.
సస్పెండయినా బాగుండునని
బక్కయ్య నెల రోజులు తలెత్తలె.

మర్రిగూడ దిక్కు తండా రూప్లా,
ఫ్లోరైడు నీళ్లకు మోకాళ్లు కట్టెలైనయి,
పాయఖానల కూసోలేడు.
సారు పైకి కాగితం రాసిండు. జవాబు రాలె.
కొట్లాట కేసుల వచ్చిన మేస్త్రి సైదులును పిలిచి
"ఎన్ని ఇటుకలు పడ్తయి?" అన్నడు.
ఆదివారం నాటికి ఎత్తు గద్దె లేసింది.
రూప్లా లోపలికి పోయి తలుపేసుకొని
శానా సేపు బయటికి రాలె.
ఏడ్సిండో ఏమో, మేం అడగలె.

ఒక ముసురు రాత్రి కరెంటు పోయింది.
టార్చిల సెల్లులు సచ్చినయి.
చీకట్ల తలకాయలు ముట్టుకుంట పోయిన.
నలభై మూడు.
బోర్డు మీద నలభై రెండు.
మల్ల లెక్కవెట్టిన. నలభై మూడే.
తక్కువైతె సైరన్ కొడ్తరు,
ఎక్కువైతె ఏం కొట్టాలెనో
ఏ మాన్యువల్ల రాసి లేదు.
వీపంత చెమట.

"నన్ను గూడ కలిపినవా ఏంది?"
గోడ కాడికెళ్లి సారు గొంతు.
కొత్త పిలగాడు వాళ్లవ్వకు ఉత్తరం రాయిమన్నడంట,
కరెంటొచ్చేదాక
సగం ఉత్తరం ఒళ్లె వెట్టుకొని కూసున్నడు.

రిజిస్టర్ల నలభై రెండే రాసిన.

సారు వనపర్తికి బదిలీ అయి ఏడాది.
కొత్త సారు మంచోడే, ఫైళ్లు టైముకు పోతయి.
బియ్యం గూడ ఇంకా పురుగు పట్టలె.
గిన్తీ రోజూ సరిపోతది.
సరిపోయినంక గూడ నేను
ఆ గోడ దిక్కు ఒకసారి చెయ్యి చాపుత.