పది మైక్రాన్లు

గాజు పలక మీద నాలుగు వేళ్లు పెట్టమంది.
పెట్టిన.
ఎర్రలైటు.
తుడుచుకొని మళ్లీ పెట్టమంది.
ప్యాంటుకు తుడిచిన, అలవాటు కొద్దీ,
ఈ రోజు కోసమే కొన్న ప్యాంటని మరిచి.
మళ్లీ ఎర్రలైటు.
"మీ వేళ్ల మీద గీతల్లేవండీ" అన్నది ఆ అమ్మాయి,
బస్సుల పారేసుకొని వచ్చిన్నేమో అన్నట్టు.

పారేసుకోలే.
బాలానగర్ల పదిహేడేండ్లు
గ్రైండింగ్ చక్రానికి ఇన్నిన్ని ఇచ్చుకుంట వచ్చిన.
తెల్లటి కూలెంటు మోచేతి దాక కారుతుంటే
అచ్చు ముక్క మీద బొటనవేలు ఒక్కసారి జార్చి,
ఇంక పది మైక్రాన్లు తియ్యాలె, అనుడు.
వెంట్రుక మందంల ఏడో వంతు.
గేజీ కూడ అదే చెప్తది, కొంచెం ఆలస్యంగ.
యాసీన్ ఉస్తాద్ నేర్పిన చదువంత ఇదే:
"కండ్లు మూస్కో మియా. ఇనుము ఏమంటుందో విను."

అమీర్‌పేటల మూడో అంతస్తు, రాత్రి ఏడింటి బ్యాచి.
పక్కన ఇరవై రెండేండ్ల పోరగాళ్లు, ల్యాప్‌టాపులు.
నా సంచిల టిఫిను డబ్బ, వెర్నియర్.
జర్మన్ల చెంచా మగది, ఫోర్కు ఆడది,
కత్తి రెండూ కాదు.
యంత్రం ఆడదే అంటే
ఉస్తాద్ ఏం ఆశ్చర్యపోలే.
లేతును ఆయన ముప్పై ఏండ్ల సంది "బేటీ" అనే పిలుస్తడు.

దుండిగల్ అవతల తొంభై గజాలు అమ్మి
వాళ్ల బ్యాంకుల కట్టిన.
నెలకింతని నా పైసలు నాకే ఇస్తరట,
చిన్న పిల్లగానికి జేబుఖర్చు లెక్క.
ఏడాదిల పని దొరకాలె.
ఇది రమ్మనే వీసా కాదు,
ఏడాది పొడుగు "చూద్దాం".

"వారం రోజులు పనికి పోకండి.
రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకోండి, వస్తాయి."

సుగుణ నన్ను గిన్నె ముట్టనియ్యలే.
పొద్దున పొద్దున చిన్నది నా చెయ్యి గుంజి
కిటికీ కాడ వెలుగుకు పెట్టి చూసేది.
ఐదో దినం ఒర్రింది: "నాయినా, వచ్చినయ్!"
సన్నగ, కొత్త ఆకురాయి మీది గాట్ల లెక్క.

ఆరో దినం ఉస్తాద్ ఫోను.
అర్జెంటు పని, ముక్క కూర్చుంటలేదు, ఒక్కసారి వచ్చి చూసి పో.
పోయిన.
కండ్లు మూసుకొని బొటనవేలు జార్చిన.
ఏం అనలే ఇనుము.
మళ్లీ జార్చిన.
గీతలు గీతలు తగులుతున్నయి, నావే.
"గేజీ ఇయ్యి ఉస్తాద్" అన్న.
ఇచ్చిండు.
నా మొకం దిక్కు చూడకుంట
రెండు చాయ్‌లు చెప్పిండు.

సోమవారం
నాలుగు వేళ్లకూ ఒక్కసారికే పచ్చలైటు.
"చెప్పానా!" అన్నది ఆ అమ్మాయి, తనే గెలిచినట్టు.
నేను కూడ నవ్విన.

వచ్చేటప్పుడు రాణిగంజ్ల దిగి
నాలుగొందల నంబరు ఎమ్రీ కాగితం
రెండు షీట్లు కొన్న.
సామాన్ల లిస్టుల స్వెట్టరు కింద
రాసి పెట్టిన.