ఉతకని రోజు

గ్రిమ్స్‌బీ మీద పొగమంచు దిగిందంటే
అందరూ కిటికీలు మూసేవారు, మా అత్తయ్య తెరిచేది.
"బందర్లో ఉప్పుగాలి, ఇక్కడా ఉప్పుగాలి.
మధ్యలో ఉన్నదంతా ఒట్టి దారి."

తొంభై రెండేళ్ళ మనిషి గురించి
పది నిమిషాల్లో చెప్పమన్నాడు పాస్టరు.
కాగితం మీద రాసుకున్నాను:
పేరు వజ్రమ్మ. ఊరు చిలకలపూడి.
పని, పురుళ్ళు పొయ్యడం.
అక్కడితో పెన్ను ఆగింది.
వంటింటి గోడకు త్రాసు కనబడింది.

కొక్కెం త్రాసు. ముందు దాంతో పిల్లల్ని తూచింది.
అరవై మూడు చలికాలం, సైకిలు హ్యాండిలుకు దాన్ని తగిలించుకుని
గడ్డకట్టిన సందుల్లో పడుతూ లేస్తూ వెళ్ళి తలుపు తడితే
"నువ్వా వచ్చింది?" అన్న ముఖాల ముందు నిలబడి
చేతులు కడుక్కోవడానికి వేణ్ణీళ్ళు అడిగేదట.
తెల్లారేసరికి ఆ ముఖాలే
టీలో ఇంకో చెంచా చక్కెర వేసి ఇచ్చేవట.

రిటైరయ్యాక అదే కొక్కేనికి
గుడ్డసంచిలో మామిడికాయలు వేలాడాయి.
"ఏడు పౌన్లు. పుష్టిగా ఉన్నాడు" అనేది
ఆవపిండి జల్లిస్తూ.
ఆవిడ ఆవకాయలో ఎప్పుడూ ఉప్పెక్కువే.
పోయిన మనిషి కదా అని ఇప్పుడు అబద్ధమాడను.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో
ఏలూరు నుంచి తెచ్చుకున్న మాటలు ఎవరితో ఆడాలో తెలియక
ఏడుస్తూ గిన్నెలు తోముతుంటే
"అయ్యాక చెప్పు, కారు నేర్పుతాను" అంది.
అంతే. ఓదార్చలేదు.
క్లచ్చు మీద నా కాలు వణికినప్పుడల్లా
"ఊపిరి తీసుకో. ఆఁ, తొక్కు. ఇంకాస్త, ఇంకొక్క కాస్త..."
పురిటిగది భాష తప్ప
ఇంకో భాషలో ధైర్యం చెప్పడం రాదావిడకి.

మామయ్య చేపల రేవులో లెక్కలు రాసేవాడు,
ఒక్కనాడూ పడవెక్కలేదు.
అయినా పక్కింటి డోరీన్ దగ్గర
అత్తయ్యకు ఒక పట్టింపు అంటుకుంది:
మగాడు సముద్రం మీదికి పోయిన రోజు
ఇంట్లో బట్టలు ఉతక్కూడదు,
ఉతికితే మనిషి కొట్టుకుపోతాడు.
డోరీన్ మొగుడి పడవ ఐస్‌లాండ్ వైపు పోయి తిరిగి రాలేదు.
ఆ రోజు డోరీన్ చేతిరుమాలు కూడా తడపలేదు.
ఆ సంగతి అత్తయ్యకు తెలుసు.
తెలిసీ, మా ఆయన పరీక్షలకు లండన్ వెళ్ళినా
నా కూతురు కాలేజీకి రైలెక్కినా
బట్టలబుట్ట మీద మూత పెట్టి, దాని మీద తను కూర్చునేది.
"బైబిలు చదివే మనిషివి, ఇదేంటత్తయ్యా?" అంటే
"దేవుడితో నేను మాట్లాడుకుంటాలే,
నువ్వా మిషను జోలికి పోకు."

చివరి రెండేళ్ళూ పేర్లు జారిపోయాయి.
నన్ను సిస్టర్ అనేది.
పొద్దుగూకితే డ్యూటీ అప్పగించేది:
మూడో మంచానికి నొప్పులు మొదలయ్యాయి,
ఏడో మంచం బిడ్డ పాలు పట్టడం లేదు, కనిపెట్టుకుని ఉండు.
రాసుకుంటున్నట్టు తలూపేదాన్ని.
ఒక రాత్రి నిజంగానే రాశాను.
ఏడో మంచం. పాలు.

స్కార్తో రోడ్డు శ్మశానంలో
అరవై దాటిన ఒకాయన, మెడ మీద లంగరు పచ్చబొట్టు,
కాగితంలో చుట్టిన హాడాక్ చేప నా చేతిలో పెట్టి
"నన్ను మొదట పట్టుకుంది ఈవిడేనట" అన్నాడు.
పాస్టరుకిచ్చిన పది నిమిషాల్లో ఈయన లేడు.
పెట్టె దింపుతుంటే మాకంటే ముందు ఏడ్చాడు.

ఇంటికొచ్చి ఆ చేప పులుసు పెట్టాను.
చింతపండు ఎక్కువైంది, ఎవరూ ఏమీ అనలేదు.
బట్టలబుట్ట పొంగిపోతోంది:
అంచులకు మట్టి అంటిన నల్ల ప్యాంట్లు, దుప్పట్లు,
మోచేతి దగ్గర పసుపు మరకతో
ఆవిడ నీలం స్వెటరు.
మా ఆయన వాషింగ్ మిషను తలుపు తెరిచి
నా వైపు చూశాడు.
"రేపు" అన్నాను.